గ్లిజరిన్ స్నిగ్ధత 1412 ఆ, 934 ఆ? "గది ఉష్ణోగ్రత" అంకెల్ని ఎలా చదవాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఒక పట్టికలో గ్లిజరిన్ స్నిగ్ధత (అంటే చిక్కదనం, పారడానికి ద్రవం చూపే అడ్డు) 1412 సెంటీపాయిజ్ (స్నిగ్ధతను కొలిచే ప్రమాణం) అని ఉంది, ఇంకో పట్టికలో 934 అని ఉంది. రెండింటి పైనా "గది ఉష్ణోగ్రత" అనే రాశారు. ఏది నమ్మాలి? పైగా గ్లిజరిన్, నీళ్లు చెరొక 500 మిల్లీలీటర్లు కలిపితే సగటున 700 రావాలి కదా, మీకు 8.3 వచ్చింది. పరికరం పాడైందా?

పరికరం బాగానే ఉంది. రెండు పట్టికలూ సరైనవే, మీ 8.3 కూడా సరైనదే. 1412 అనేది 20 డిగ్రీల దగ్గర విలువ, 934 అనేది 25 డిగ్రీల దగ్గర విలువ (ఇక్కడ రాసే డిగ్రీలన్నీ సెల్సియస్‌వే). తప్పు ఎక్కడైనా ఉందంటే అది 700 రావాలన్న అంచనాలో ఉంది. స్నిగ్ధతలకు సగటు తీయకూడదు.

ముందు ఉష్ణోగ్రత సంగతి చూద్దాం. గది ఉష్ణోగ్రత అనేది ఒక ఉష్ణోగ్రత కాదు. కొన్ని పట్టికలు 20 తీసుకుంటాయి, కొన్ని 25 తీసుకుంటాయి. సాంద్రత విషయంలో ఈ 5 డిగ్రీల తేడా పెద్దగా తెలియదు. స్నిగ్ధతకు వచ్చేసరికి అదే కొంప ముంచుతుంది. నీళ్లు 20 దగ్గర 1.002, 25 దగ్గర 0.890, 30 దగ్గర 0.797. అంటే డిగ్రీకి సుమారు 2 శాతం పైన తగ్గుతోంది. గ్లిజరిన్ అయితే డిగ్రీకి 8 శాతం దాకా తగ్గుతుంది. 30 దగ్గరికి వెళ్లేసరికి 600 చిల్లరే మిగులుతుంది. మీ థర్మామీటర్ 2 డిగ్రీలు తప్పు చూపిస్తే నీటి విలువలో 4–5 శాతం తప్పు వస్తుంది, గ్లిజరిన్ విలువలో 15 శాతం తప్పు వస్తుంది. ద్రవం ఎంత చిక్కగా ఉంటే ఉష్ణోగ్రతకు అంతగా స్పందిస్తుందన్నది చాలావరకు నిలబడే మాట. సిలికోన్ నూనెలు మాత్రం చిక్కగా ఉన్నా ఉష్ణోగ్రతతో తక్కువగా మారతాయి. పరికరాల క్రమాంకనానికి (తెలిసిన విలువతో పోల్చి సరిచూసుకోవడానికి) వాటిని ఎక్కువగా వాడేది ఇందుకే.

కొన్ని పాత పుస్తకాల్లో 20 డిగ్రీల దగ్గర నీటికి 1.005 అని కనిపిస్తుంది. అది అచ్చుతప్పు కాదు. 1952లో అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో స్విండెల్స్, కో, గాడ్‌ఫ్రీ కలిసి కొత్తగా కొలిచి 1.0019 అని తేల్చేదాకా లోకమంతా 1.005 నే వాడేది. పాత విలువతో క్రమాంకనం చేసిన కొలతలన్నీ అంత మేరకు ఎక్కువ చూపిస్తాయి.

ప్రమాణాల గురించి రెండు మాటలు. సెంటీపాయిజ్, మిల్లీపాస్కల్-సెకన్ ఒకటే, అంకె మార్చక్కర్లేదు. సెంటీస్టోక్ వేరు. అది కైనమాటిక్ స్నిగ్ధత, అంటే స్నిగ్ధతను సాంద్రతతో భాగిస్తే వచ్చేది. నీటికి సాంద్రత 1 కాబట్టి రెండు అంకెలూ ఒకేలా కనిపిస్తాయి, ఆ అలవాటుతోనే మిగతా ద్రవాల దగ్గర పొరపాటు పడతాం. పాదరసాన్ని చూడండి: 25 దగ్గర దాని స్నిగ్ధత 1.53 సెంటీపాయిజ్, నీటికన్నా ఎక్కువ. సాంద్రత 13.5 కాబట్టి కైనమాటిక్ స్నిగ్ధత 0.113 సెంటీస్టోక్, నీటిలో ఎనిమిదో వంతు. గాలి దీనికి సరిగ్గా తిరగబడుతుంది. స్నిగ్ధత 0.018 సెంటీపాయిజ్, కైనమాటిక్ స్నిగ్ధత మాత్రం 15 సెంటీస్టోక్‌లు, నీటికి 15 రెట్లు! అందుకే "పాదరసం నీటికన్నా పలచనా, చిక్కనా?" అని ఎవరైనా అడిగితే, ఏ స్నిగ్ధత గురించి అడుగుతున్నారని తిరిగి అడగాల్సి వస్తుంది.

25 డిగ్రీల దగ్గర శుద్ధ ద్రవాల విలువలు, సెంటీపాయిజ్‌లలో:

- హెక్సేన్ 0.30, ఎసిటోన్ 0.31
- మిథనాల్ 0.54, టోలీన్ 0.56
- నీళ్లు 0.89, ఇథనాల్ 1.07
- పాదరసం 1.53, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 2.04
- ఇథిలీన్ గ్లైకాల్ 16, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం సుమారు 24
- గ్లిజరిన్ 934

నూనెలకు ఇలా కచ్చితమైన అంకె ఇవ్వలేం, ఎందుకంటే అవి ఒకే పదార్థం కావు. ఆలివ్ నూనె 20 దగ్గర 80–85 చుట్టూ ఉంటుంది. ఆముదం అదే ఉష్ణోగ్రతలో వెయ్యికి కాస్త తక్కువ, అంటే గ్లిజరిన్‌కు దగ్గరి చుట్టం. రెండూ నూనెలే, రెండింటి సాంద్రతా నీటికన్నా తక్కువే, రెండూ నీటి మీద తేలతాయి. బరువుకీ చిక్కదనానికీ సంబంధం లేదని చూపించడానికి ఇంతకన్నా తేలికైన ఉదాహరణ లేదు. తేనెకు 2,000 నుంచి 10,000 దాకా ఏ అంకె చెప్పినా నమ్మొచ్చు, అంతా అందులోని తేమను బట్టి, వెచ్చదనాన్ని బట్టి ఉంటుంది.

యంత్రాల నూనె డబ్బా మీది అంకెను గది ఉష్ణోగ్రత విలువ అనుకోకండి. ఐఎస్‌ఓ వీజీ 46 అంటే 40 డిగ్రీల దగ్గర 46 సెంటీస్టోక్‌లు, పది శాతం అటూ ఇటూ. 20 దగ్గర కొలిస్తే దానికి రెండున్నర రెట్లు దాటి వస్తుంది. నూనె మార్చేశారని కంగారు పడక్కర్లేదు.

ఇక మిశ్రమాలు. మీ ప్రశ్నలో అసలు సరుకు ఇక్కడే ఉంది. 20 డిగ్రీల దగ్గర గ్లిజరిన్–నీటి మిశ్రమాలకు, బరువు శాతం లెక్కన, విలువలు ఇలా ఉంటాయి:

10 శాతం – 1.31
20 శాతం – 1.76
30 శాతం – 2.5
40 శాతం – 3.7
50 శాతం – 6.0
60 శాతం – 10.8
70 శాతం – 22.5
80 శాతం – 60
90 శాతం – 219
95 శాతం – 523
99 శాతం – 1150
100 శాతం – 1412

పైనుంచి కిందికి ఒకసారి నిదానంగా చూడండి. సున్నా నుంచి 50 శాతం దాకా వెళ్లినా ఆరు రెట్లే పెరిగింది. చివరి 5 శాతంలో 523 నుంచి 1412కి ఎగబాకింది. కారణం అణువుల లెక్కలో ఉంది. గ్లిజరిన్ అణుభారం 92, నీటిది 18. సగం బరువు గ్లిజరిన్, సగం బరువు నీళ్లు అంటే ఒక్కో గ్లిజరిన్ అణువుకు ఐదు నీటి అణువులు. గ్లిజరిన్ చిక్కదనమంతా ఒక అణువులోని మూడు హైడ్రాక్సిల్ గుంపులు పక్క అణువుల గుంపుల్ని హైడ్రోజన్ బంధాలతో పట్టుకోవడం వల్ల వచ్చింది. మధ్యలోకి చిన్న, చురుకైన నీటి అణువులు దూరితే ఆ పట్టు వదులవుతుంది. చూడ్డానికి సగం సగం, అణువుల లెక్కన నీళ్లదే రాజ్యం.

సగటుకు బదులు సంవర్గమానాల (లాగరిథమ్‌ల) సగటు తీయమని పుస్తకాల్లో ఉంటుంది. ఒకే జాతి ద్రవాలకు అది బాగానే పనిచేస్తుంది. 10 సెంటీపాయిజ్ నూనె, 1000 సెంటీపాయిజ్ నూనె సమానంగా కలిపితే 505 కాదు, 100 దగ్గర వస్తుందని ఎదురుచూడొచ్చు. గ్లిజరిన్–నీళ్ల దగ్గర మాత్రం ఇదీ తప్పుతుంది. 50 శాతానికి బరువు లెక్కన సంవర్గమాన సగటు దాదాపు 38 అంటుంది, మోల్ (అణువుల సంఖ్య) లెక్కన 3.3 అంటుంది, అసలు విలువ 6. నీళ్లు కలిసే మిశ్రమాలకు సూత్రాన్ని నమ్మొద్దు, కొలిచిన పట్టికను నమ్మండి.

మీకు 6 కాకుండా 8.3 ఎందుకు వచ్చింది? మీరు కొలపాత్రతో కలిపారు కాబట్టి. గ్లిజరిన్ సాంద్రత 1.26. 500 మిల్లీలీటర్ల గ్లిజరిన్ 630 గ్రాములు, 500 మిల్లీలీటర్ల నీళ్లు 500 గ్రాములు. అంటే బరువు లెక్కన మీది 50 శాతం కాదు, దాదాపు 56 శాతం. పట్టికలో 50కి 6.0, 60కి 10.8 ఉన్నప్పుడు 56కి 8 పైచిలుకు రావడం న్యాయమే. మీ కొలత నిజానికి చాలా బాగా వచ్చింది.

అందుకని గ్లిజరిన్‌ను ఎప్పుడూ తూచి కలపండి. కొలపాత్రలో పోస్తే గోడలకు అంటుకుని కొంత అక్కడే ఉండిపోతుంది. త్రాసు మీద బీకరు పెట్టి సున్నా చేసి, ముందు గ్లిజరిన్ అందులోనే పోసి, పైన నీళ్లు తూచి పోయండి. 20 దగ్గర 10 సెంటీపాయిజ్‌ల ద్రవం కావాలంటే 590 గ్రాముల గ్లిజరిన్, 410 గ్రాముల నీళ్లు సుమారుగా సరిపోతాయి. కలిపేటప్పుడు వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే, ఎండలో వేడెక్కిన నేల మీద గాలి అల్లాడినట్టు, గాజులోపల సన్నని తీగలు కదులుతుంటాయి. అవి పూర్తిగా మాయమయ్యేదాకా కలపాలి. గబగబా కలిపితే గాలిబుడగలు పట్టి గంటల తరబడి దిగవు, నెమ్మదిగా కలపడమే మేలు. కలిశాక కాస్త వెచ్చబడుతుంది కూడా, చల్లారాకే కొలవండి.

గ్లిజరిన్ గాలిలోని తేమను లాక్కుంటుంది. 99 శాతానికి 1150 అని పైన చూశారు కదా, అంటే ఒక్క శాతం తేమ చేరితే 18 శాతం పడిపోయినట్టే. మూత సరిగా పెట్టని సీసాలోది కొలిచి "పట్టిక తప్పు" అనుకునేవాళ్లు చాలామంది. సీసా కొత్తదా, పాతదా అన్నది ముందు చూసుకోండి.

పంచదార ద్రావణాలు ఇదే తీరు. 20 డిగ్రీల దగ్గర, బరువు లెక్కన 20 శాతానికి 1.95, 40 శాతానికి 6.2, 60 శాతానికి 58, 65 శాతానికి 147. గాఢ ద్రావణాన్ని వేడిచేసి కరిగించేటప్పుడు నీళ్లు ఆవిరైతే 60 అనుకున్నది 62 అయిపోతుంది, విలువ అక్కడే తప్పుతుంది. చల్లారాక మళ్లీ తూచి, తగ్గిన నీళ్లు పోసి బరువు సరిచేయాలి.

ఉప్పు పెద్దగా మార్చదు. సోడియం క్లోరైడ్ 10 శాతానికి 1.19, 20 శాతానికి 1.56. పొటాషియం క్లోరైడ్ ఇంకా విచిత్రం, కొద్దిగా కలిపితే నీటి స్నిగ్ధత రవ్వంత తగ్గుతుంది. పొటాషియం, క్లోరైడ్ అయాన్లు నీటి అణువుల అమరికను సడలిస్తాయి, సోడియం అయాను తన చుట్టూ నీళ్లను బిగించి పట్టుకుంటుంది. ఉప్పు గాఢతను బట్టి ద్రావణం స్నిగ్ధత ఎలా మారుతుందో చెప్పడానికి 1929లో జోన్స్, డోల్ ఇచ్చిన సమీకరణంలో సోడియం క్లోరైడ్‌కు బి గుణకం (పెంచుతుందా, తగ్గిస్తుందా అన్నది చెప్పేది) ధనాత్మకం, పొటాషియం క్లోరైడ్‌కు ఋణాత్మకం అయ్యేది ఇందుకే.

ఇథనాల్–నీళ్లు అన్నిటికన్నా మోసం చేసే జంట. 20 దగ్గర నీళ్లు 1.0, ఇథనాల్ 1.2. కలిపితే ఈ రెంటి మధ్యన ఎక్కడో ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. బరువు లెక్కన 45 శాతం చుట్టుపక్కల అది 2.9 దాకా వెళ్తుంది, రెండింటికన్నా రెండు రెట్లు మించి! సగం సగం ఇథనాల్ వడపోత కాగితం గుండా శుద్ధ ఇథనాల్ కన్నా నెమ్మదిగా దిగుతుంటే కాగితాన్ని అనుమానించకండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నీళ్లు కలిపినా ఇలాంటి గుట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు కొలవడం. 0.3 నుంచి కొన్ని వందల సెంటీపాయిజ్‌ల దాకా, ద్రవం పారదర్శకంగా ఉంటే, నా ఓటు గాజు కేశనాళిక విస్కోమీటర్‌కే. సన్నని గాజు గొట్టం గుండా నమూనా దిగే సమయాన్ని నీళ్లు దిగే సమయంతో పోల్చి స్నిగ్ధత తేల్చే పరికరం ఇది. ఖర్చు తక్కువ, కచ్చితత్వం ఎక్కువ. ఆస్ట్‌వాల్డ్ రకమైతే నీళ్లకూ నమూనాకూ ఒకే పిపెట్‌తో ఒకే ఘనపరిమాణం పోయాలి, లేకపోతే ద్రవ మట్టాల తేడా మారి సమయం మారుతుంది. ఉబ్బెలోడే రకానికి ఈ బాధ లేదు. నీటితొట్టిలో నిలువుగా బిగించి పది, పదిహేను నిమిషాలు ఆగండి. ఉష్ణోగ్రత 0.1 డిగ్రీకి మించి కదలకూడదు. పై గీత నుంచి కింది గీతకు దిగే సమయం 200 సెకన్లకు తగ్గకుండా ఉండే నాళికను ఎంచుకోండి, మరీ త్వరగా దిగితే గతిశక్తి సవరణ (వేగానికి ఖర్చయిన శక్తిని లెక్కలోంచి తీసేయడం) చేయాల్సి వస్తుంది. మూడుసార్లు తీస్తే సమయాలు అర సెకను లోపల కలవాలి. ప్రతిసారీ సమయం పెరుగుతూ పోతుంటే నాళికలో దుమ్ము చేరిందని అర్థం. మార్చిమార్చి ఎక్కువా తక్కువా వస్తుంటే ఉష్ణోగ్రత కుదురుకోలేదు.

లెక్క ఇది: నమూనా స్నిగ్ధత = నీటి స్నిగ్ధత × (నమూనా సాంద్రత × నమూనా సమయం) ÷ (నీటి సాంద్రత × నీటి సమయం). 20 శాతం పంచదార ద్రావణం తీసుకోండి. 20 డిగ్రీల దగ్గర నీళ్లకు 200 సెకన్లు, ద్రావణానికి 358 సెకన్లు పట్టాయనుకుందాం. సాంద్రతలు 0.998, 1.081. లెక్క కడితే 1.94 వస్తుంది. సాంద్రతల్ని మరిచిపోతే 1.79 వస్తుంది, 8 శాతం తక్కువ. ఈ ప్రయోగంలో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. కప్పు కింద రంధ్రంలోంచి ద్రవం కారే సమయం చూసే ఫ్లో కప్పులు కూడా కైనమాటిక్ స్నిగ్ధతనే చూపిస్తాయి, వాటికీ ఇదే జాగ్రత్త.

గ్లిజరిన్, ఆముదం లాంటివాటికి గోళం జారవిడిచే పద్ధతి హాయి. స్నిగ్ధత = 2 × వ్యాసార్ధం వర్గం × (గోళం సాంద్రత − ద్రవం సాంద్రత) × గురుత్వ త్వరణం ÷ (9 × వేగం). 2 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఉక్కు గోళం 20 దగ్గర శుద్ధ గ్లిజరిన్‌లో సెకనుకు సుమారు 10 మిల్లీమీటర్లు దిగుతుంది, 20 సెంటీమీటర్ల దూరానికి 20 సెకన్లు. స్టాప్‌వాచీకి తేలిగ్గా దొరికే సమయం. కాకపోతే గోడల ప్రభావాన్ని లెక్కలో వేయాలి. జాడీ లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లయితే గోళం 8 శాతం నెమ్మదిస్తుంది, సమయం 21.6 సెకన్లకు పోతుంది. సవరించకపోతే స్నిగ్ధత అంత మేరకు ఎక్కువగా కనిపిస్తుంది. గోళాన్ని ముందే గ్లిజరిన్‌లో తడిపి, ఉపరితలానికి ఆనించి, జాడీ నడిమధ్యన వదలండి. పొడిగోళంతో పాటు ఒక బుడగ అంటుకుని లోపలికి దిగుతుంది.

ఇదే గోళాన్ని నీళ్లలో వేసి ఇదే సూత్రం వాడొద్దు. లెక్క ప్రకారం వేగం సెకనుకు 14 మీటర్లు దాటాలి, అది ఎలాగూ జరగదు. పైన ఇచ్చిన ఈ స్టోక్స్ సూత్రం రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహంలో జడత్వానికీ స్నిగ్ధతకూ ఉండే నిష్పత్తి) 1కి బాగా తక్కువ ఉన్నప్పుడే చెల్లుతుంది. గ్లిజరిన్‌లో మన గోళానికి అది 0.02 కూడా ఉండదు, నీళ్లలో ఈ లెక్కకు వేలల్లోకి పోతుంది.

తిరిగే కదురు ఉన్న విస్కోమీటర్ మీ దగ్గరుంటే టార్క్ (కదురును తిప్పే మెలి బలం) పరికరం గరిష్ఠంలో 10 శాతానికి కింద ఉన్నప్పుడు చూపించే అంకెను పట్టించుకోకండి. పలచటి ద్రవాన్ని ఎక్కువ వేగంతో తిప్పితే సుడులు ఏర్పడి స్నిగ్ధత లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. ఫలితం రాసేటప్పుడు కదురు నంబరు, నిమిషానికి చుట్లు, ఉష్ణోగ్రత మూడూ రాయాలి.

మూడూ ఎందుకంటే కొన్ని ద్రవాలకు ఒకే స్నిగ్ధత ఉండదు. టమాటా సాస్, రంగులు, రక్తం, గమ్ ద్రావణాలు వేగంగా కదిపితే పలచబడతాయి. మొక్కజొన్న పిండి చిక్కగా కలిపిన నీళ్లు గట్టిగా కదిపితే బిగుసుకుంటాయి. ఇలాంటివాటికి "గది ఉష్ణోగ్రత దగ్గర ఇంత" అని ఎవరైనా ఒకే అంకె ఇస్తే అది ఏ వేగం దగ్గరదో అడగండి. గోళం పద్ధతీ కేశనాళికా వీటికి పనికిరావు, కనీసం మూడు నాలుగు వేగాల దగ్గర కదురుతో కొలవాలి. మీ ద్రవం ఏ రకమో తెలుసుకోవడానికీ అదే దారి: వేగాన్ని రెట్టింపు చేయండి. అంకె కదలకపోతే నీళ్లు, గ్లిజరిన్, పంచదార ద్రావణం కోవలోది. మారితే వేగాన్ని మళ్లీ పాత స్థాయికి తెచ్చి చూడండి, పాత అంకె వెంటనే తిరిగొస్తే వేగానికే లొంగుతోంది. మెల్లగా తిరిగొస్తుంటే సమయం కూడా దాని మీద పనిచేస్తోంది, అప్పుడు ఎన్ని నిమిషాలు తిప్పాక అంకె తీసుకున్నారో అదీ పక్కన రాసుకోవాలి.

మీరు ఈసారి కొలిచినప్పుడు 8.3 పక్కన "బరువు లెక్కన 56 శాతం" అనీ, తొట్టి ఉష్ణోగ్రతను పదో వంతు డిగ్రీ దాకా కూడా రాసి ఇక్కడ పెట్టండి. 20 కాకుండా 21 దగ్గర కొలిచి ఉంటే పట్టిక విలువతో ఎంత తేడా రావాలో కలిసి లెక్క చూద్దాం.